యాంప్ పోయిందా, స్పీకర్ పోయిందా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి, వరసగా

"అన్నా, ఒకవైపు బాక్స్ మోగట్లేదు, ఐసీ మార్చెయ్యాలా?" ఈ ప్రశ్న రాని వారం లేదు నాకు. చాలాసార్లు మార్చాల్సింది ఐసీ (యాంప్ లోపల సౌండ్ పెంచే చిప్) కాదు, వెనకాల వదులైపోయిన తెల్ల పిన్ను. అందుకే ఒకేసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా.

మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించే సెటప్పే తీసుకుంటున్నా. టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఒక అసెంబుల్డ్ యాంప్ లేదా కంపెనీ యాంప్, రెండు బాక్సులు, ఒక సబ్ ఊఫర్. 5.1 అయినా పద్ధతి ఇదే, ఛానెల్స్ ఎక్కువ అంతే.

ఒక్క మాట ముందే చెప్తా. ఇక్కడ వరస తప్పితే ఖర్చు డబుల్ అవుతుంది. నేను మొదట్లో ఒక ఊఫర్ కాలిపోతే, స్పీకరే కదా పోయింది అనుకుని, అవతలి వైపు మంచి బాక్స్ పీకి అదే టెర్మినల్‌కి తగిలించా, రెండు సెకన్లలో దానికీ పొగొచ్చింది. యాంప్‌లో ఐసీ షార్టయ్యి డైరెక్ట్‌గా డీసీ (బ్యాటరీలా ఒకేవైపు పారే కరెంటు, స్పీకర్ కాయిల్‌ని కాల్చేస్తుంది) వదుల్తోంది, నేనేమో దానికి ఒక్కొక్క స్పీకర్‌ని మేపుతున్నా. ఆ రోజు నుంచి 3వ స్టెప్ చెయ్యకుండా ఏ స్పీకరూ మార్చి పెట్టను.

1. ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- డిజిటల్ మల్టీమీటర్. చవకది చాలు, బీప్ మోడ్, డయోడ్ మోడ్ ఉండాలి
- ఒక కొత్త 1.5 వోల్ట్ పెన్సిల్ బ్యాటరీ, రెండు చిన్న వైరు ముక్కలు
- పనిచేస్తుందని ఖాయంగా తెలిసిన ఒక ఆక్స్ కేబుల్, ఒక ఫోన్
- పోయినా పర్లేదు అనుకునే పాత చిన్న స్పీకర్ ఒకటి
- స్క్రూడ్రైవర్లు, మెత్తటి పెయింట్ బ్రష్, టార్చ్
- కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే
- సిరీస్ బల్బు, దీని గురించి 7లో చెప్తా

ఓపెన్ చెయ్యాలనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ప్లగ్ పీకేసినా లోపల పెద్ద కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ సెట్ అయితే ఓ పది నిమిషాలు వదిలెయ్యండి, తర్వాత కూడా మీటర్‌తో చూసి 2 వోల్టుల లోపు పడ్డాకే చెయ్యి పెట్టండి. ఎస్‌ఎంపీఎస్ (బరువైన ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఉండే ఎలక్ట్రానిక్ పవర్ సప్లై) ఉన్న సెట్ అయితే లోపల 325 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, సౌండ్‌బార్లు, కొత్త కంపెనీ సెట్లు చాలావరకు ఇవే. మీకు అలవాటు లేకపోతే దాని మూత తియ్యకండి, 6 వరకు చేసి ఆపెయ్యండి.

2. స్క్రూ విప్పకముందు ఐదు నిమిషాలు

చిన్నతనంగా అనిపిస్తుంది గానీ సగం కేసులు ఇక్కడే అయిపోతాయి.

- యాంప్ మీద సెలెక్టర్ ఏ ఇన్‌పుట్‌లో ఉంది? పిల్లలు రిమోట్ నొక్కి బ్లూటూత్‌లో పెట్టేసి ఉంటారు
- బ్యాలెన్స్ నాబ్ మధ్యలో ఉందా
- హెడ్‌ఫోన్ సాకెట్లో ఏమైనా గుచ్చి ఉందా, చాలా సెట్లలో అది పెడితే స్పీకర్లు కట్ అవుతాయి
- స్పీకర్ వైరు పోగు ఒక్కటి బయటికొచ్చి పక్క టెర్మినల్‌కి తగుల్తోందా
- వైరు చివర పచ్చగా చిలుము పట్టిందా. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో ఇది మామూలే, ఒక అంగుళం కోసేసి కొత్తగా చెక్కుకుని పెట్టండి

టీవీ నుంచి సౌండ్ రాకపోతే ఇంకోటి చూడాలి. ఆప్టికల్ కానీ హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ కానీ వాడుతుంటే టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి డిజిటల్ అవుట్‌పుట్‌ని పీసీఎంకి (మామూలు డిజిటల్ సౌండ్) మార్చండి. టీవీ డాల్బీ పంపిస్తుంటే, ఆప్టికల్‌ని అనలాగ్ చేసే ఆ చిన్న కన్వర్టర్ డబ్బాకి అది అర్థం కాదు, నిశ్శబ్దంగా కూర్చుంటుంది లేదా గరగరమంటుంది. దీనికి ఐసీ మార్పించుకున్న మనిషిని నేను చూశా.

ఇప్పుడు టీవీ, సెట్‌టాప్ బాక్స్ అన్నీ పీకేసి, మీ మంచి ఆక్స్ కేబుల్‌తో ఫోన్ పెట్టి పాట వెయ్యండి. రెండువైపులా బాగా మోగితే యాంప్, బాక్సులు శుభ్రంగా ఉన్నట్టే. తప్పు కేబుల్‌లోనో టీవీ వైపో ఉంది.

3. డీసీ చెక్, దీన్ని మాత్రం వదలకండి

ఆన్ చెయ్యగానే ఊఫర్ ఢప్ మని ముందుకో వెనక్కో తోసుకుని అక్కడే ఉండిపోయినా, కాలిన వాసన వచ్చినా, పెద్ద బర్ర్ సౌండ్ వచ్చినా, ముందు ఆఫ్ చేసి ఇది చెయ్యండి.

1) యాంప్ ఆఫ్ చేసి స్పీకర్ వైర్లన్నీ వెనకాల నుంచి పీకెయ్యండి.
2) ఇన్‌పుట్‌లో ఏమీ లేకుండా, వాల్యూమ్ సున్నాలో పెట్టి ఆన్ చెయ్యండి.
3) మీటర్ డీసీ 20 వోల్ట్ రేంజ్‌లో పెట్టి, ఒక ఛానెల్ ప్లస్‌కి మైనస్‌కి మధ్య పెట్టండి. సున్నా దగ్గర ఉంటే 200 మిల్లీవోల్ట్ రేంజ్‌కి దిగి మళ్ళీ చూడండి.
4) ప్రతి ఛానెల్‌కీ విడివిడిగా చెయ్యండి.

50 మిల్లీవోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు. 100 దాటితే అనుమానించాల్సిందే. వోల్టుల్లో చూపిస్తే, అంటే 5, 12, 23 ఇలా, ఆ ఛానెల్ పోయింది, దానికి ఏ స్పీకరూ తగిలించొద్దు.

ఇక్కడ మోసపోయే చోట్లు మూడున్నాయి. లోపల రిలే (స్పీకర్లని కలిపే, తెంచే స్విచ్) ఉండే యాంప్‌లు ఆన్ చేసిన రెండు మూడు సెకన్లకి టిక్ మంటాయి. ఆ టిక్ రాకపోతే ప్రొటెక్షన్‌లో ఉన్నట్టు, అప్పుడు టెర్మినల్ దగ్గర సున్నా చూపించినా నమ్మొద్దు. రెండోది, 4440 ఐసీ లాంటి బోర్డుల్లో అవుట్‌పుట్‌కి కెపాసిటర్ ఉంటే స్పీకర్ లేకుండా చూసినప్పుడు కొంచెం వోల్టేజ్ కనిపించి మెల్లగా దిగుతుంది, అదేం తప్పు కాదు, టెర్మినల్స్ మధ్య ఒక 1 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే దిగిపోతుంది.

మూడోది క్లాస్ డి బోర్డులు. వీటిల్లో చాలావాటికి ప్లస్, మైనస్ రెండు వైర్లలోనూ సగం సప్లై వోల్టేజ్ ఉంటుంది, కాబట్టి ఎప్పుడూ ఆ రెండిటి మధ్యే చూడాలి, బాడీకి పెట్టి చూసి కంగారుపడొద్దు. ఆ మైనస్‌ని పొరపాటున కూడా గ్రౌండ్‌కి కలపొద్దు, కలిపితే బోర్డు అక్కడికక్కడే పోతుంది.

4. కుడి ఎడమలు మార్చి చూడటం

డీసీ బాగుంటేనే ఇది. ఎడమ బాక్స్ మోగట్లేదనుకుందాం. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండు కలిపి మారిస్తే మీకే తికమక.

1) యాంప్ ఆఫ్ చేసి, వెనకాల ఎడమ కుడి స్పీకర్ వైర్లు తారుమారు చెయ్యండి. ఆన్ చెయ్యండి. ఇప్పుడు కూడా ఎడమ బాక్సే మూగగా ఉంటే తప్పు బాక్స్‌లో లేదా దాని వైరులో. కుడి బాక్స్ మూగబోతే తప్పు యాంప్ ఎడమ ఛానెల్‌లో లేదా దానికి ముందు.
2) బాక్స్ వైపు తేలితే వైరు ఒక్కటే మార్చి చూడండి. గోడలోంచి, తలుపు సందులోంచి వెళ్ళిన వైరైతే నేను ముందు దాన్నే అనుమానిస్తా.
3) యాంప్ వైపు తేలితే స్పీకర్ వైర్లు మామూలుగా పెట్టేసి, యాంప్ దగ్గర ఎర్ర తెల్ల పిన్నులు తారుమారు చెయ్యండి. మూగతనం అవతలి వైపుకి మారితే కేబుల్ లేదా సోర్స్ తప్పు. మారకపోతే యాంప్ లోపలే.

ఎక్కడ ఏం తేలిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఐదారు సార్లు అటూ ఇటూ మార్చాక ఏది ఎటు ఉందో నాకే గుర్తుండదు.

5. గుయ్ మంటోంది: హమ్ ఎక్కడిది?

అందరూ ఎక్కువగా విసిగిపోయేది దీనితోనే, కెపాసిటర్లు మార్పించి కూడా పోలేదంటారు. పోదు, ఎందుకంటే హమ్‌కి నాలుగైదు చోట్లుంటాయి, ఏ చోటో తెలీకుండా మారిస్తే ఏం లాభం.

ముందు వాల్యూమ్ తిప్పి చూడండి. వాల్యూమ్‌తో పాటు హమ్ పెరిగితే అది వాల్యూమ్ కంట్రోల్‌కి ముందు నుంచి వస్తోంది, అంటే కేబుల్, టీవీ, ప్రీ బోర్డు (ఐసీకి ముందు సౌండ్‌ని సిద్ధం చేసే చిన్న బోర్డు). సున్నాలో పెట్టినా అలాగే ఉంటే పవర్ సప్లై లేదా లోపలి గ్రౌండ్ వైరింగ్.

వాల్యూమ్‌తో పెరిగే హమ్ అయితే ఇన్‌పుట్‌లన్నీ పీకెయ్యండి. పోయిందా? ఒక్కొక్కటి తిరిగి పెడుతూ రండి, ఏది పెట్టినప్పుడు వస్తే అదే దొంగ. సెట్‌టాప్ బాక్స్ అని తేలితే దాని వెనకాల గుండ్రటి కేబుల్ టీవీ వైరు విప్పి చూడండి. అది విప్పగానే హమ్ ఆగితే ఎర్త్ లూప్, బయట నుంచి వచ్చే ఆ వైరు ఎర్త్‌కీ మీ ఇంటి ఎర్త్‌కీ తేడా వల్ల వస్తోంది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. ఈ రెండిటికీ ఆడియో కేబుల్ మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్నది దొరుకుతుంది, పనిచేస్తుంది, చవకరకం అయితే బాస్ కొంచెం తగ్గుతుంది.

ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని కొందరు చెప్తారు. హమ్ పోతుంది, నిజమే. రేపు లోపల ఫేజ్ బాడీకి తగిలితే ముట్టుకున్నవాడూ పోతాడు. విరవకండి. ఇంకో విషయం, పాత ఇళ్ళల్లో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనకాల వైరు ఉండదు. యాంప్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య వోల్టేజ్ చూపించండి, 230 దగ్గర రావాలి.

అసెంబుల్డ్ సెట్లలో వచ్చే హమ్ వేరే. వాల్యూమ్ నాబ్ ఇనప కాడ మీద వేలు పెట్టగానే హమ్ తగ్గిందా? అయితే కంట్రోల్ బాడీకి గ్రౌండ్ ఇవ్వలేదు. ఒక చిన్న వైరుతో కంట్రోల్ బాడీని ప్రీ బోర్డు గ్రౌండ్‌కి సోల్డర్ చేస్తే అయిపోతుంది. ఇన్‌పుట్ వైర్లు ట్రాన్స్‌ఫార్మర్ పక్క నుంచి పోతుంటే వాటిని దూరంగా తిప్పండి, షీల్డ్ వైరే వాడండి.

బ్లూటూత్ యూఎస్‌బీ బోర్డు పెట్టిన తర్వాత కీచుమనే సన్న సౌండ్ మొదలైతే, ఆ బోర్డుకి సప్లై వైర్లు పీకి ఒక పవర్ బ్యాంక్ నుంచి 5 వోల్ట్ ఇచ్చి చూడండి. కీచు ఆగితే గ్రౌండ్ కలవడమే కారణం. బీ0505ఎస్ అనే చిన్న ఐసొలేటెడ్ 5 వోల్ట్ మాడ్యూల్ మధ్యలో పెడితే పోతుంది. మీ బోర్డు 5 వోల్టులదేనా, 12దా అని ముందు చూస్కోండి.

వాల్యూమ్ సున్నాలో కూడా లావుగా బర్ర్ మంటే అప్పుడు ఫిల్టర్ కెపాసిటర్లు. బ్రిడ్జ్ (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు) తర్వాత మిగిలే అల 100 హెర్ట్జ్‌ది, కేబుల్ హమ్ 50 హెర్ట్జ్‌ది, ఓ నాలుగు సెట్లు విన్నాక చెవి తేడా పట్టేస్తుంది. స్పీకర్లు పీకేసినా డబ్బా లోంచే గుయ్ మంటుంటే ట్రాన్స్‌ఫార్మర్ వణుకుతోంది, నట్లు బిగించి కింద రబ్బర్ వాషర్లు పెట్టండి. గుండ్రటి టొరాయిడల్ అయితే దాని మధ్య బోల్టు పైన మూతకి కూడా తగలకుండా చూడండి, రెండువైపులా బాడీకి తగిలితే అది షార్టయిన చుట్టులా పనిచేసి ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

6. స్పీకర్ సంగతి

బాక్స్ వైపు తప్పని తేలాక ఇది.

ఓమ్స్: వైర్లు పీకి మీటర్‌ని 200 ఓమ్స్‌లో పెట్టి చూడండి. 8 ఓమ్స్ స్పీకర్ 5.5 నుంచి 7 దాకా చూపిస్తుంది, 4 ఓమ్స్‌ది 3 నుంచి 3.6 దాకా. సరిగ్గా 8 రాలేదని కంగారొద్దు. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది, ఒకటి కంటే తక్కువుంటే కాయిల్ షార్ట్. ట్వీటర్‌ని కెపాసిటర్ దాటి దాని పిన్నుల మీదే చూడాలి, కెపాసిటర్‌తో కలిపి చూస్తే ఎప్పుడూ ఓపెనే.

బ్యాటరీ: 1.5 వోల్ట్ బ్యాటరీ ప్లస్‌ని స్పీకర్ ఎర్ర టెర్మినల్‌కి ఒక్క క్షణం తాకించండి. టప్ మని కోన్ బయటికి రావాలి. లోపలికి పోతే పోలారిటీ తిరగబడింది. రెండు బాక్సులకీ చెయ్యండి, ఒకటి బయటికి ఒకటి లోపలికి పోతుంటే మీ బాస్ ఎందుకు చచ్చుగా ఉందో దొరికేసినట్టే, ఒకదాని వైర్లు తిప్పితే చాలు. ఇది ఊఫర్‌కే, విడి ట్వీటర్ మీద చెయ్యకండి.

చేత్తో: నాలుగు వేళ్ళు కోన్ మధ్య క్యాప్ చుట్టూ సమంగా పెట్టి మెల్లగా నొక్కండి. మెత్తగా పోయి రావాలి. గీరుకుంటున్నట్టు అనిపిస్తే కాయిల్ పక్కకి జరిగింది లేదా కాలి ఉబ్బింది. అంచు ఫోమ్ వేలు పెడితే పొడిగా రాలిపోతే అంచు ఒక్కటీ మార్పిస్తే చాలు, స్పీకర్ పారెయ్యక్కర్లేదు.

ఊఫర్ బాగుండి మాట స్పష్టంగా లేదంటే ట్వీటర్ పోయి ఉంటుంది. ఒక పేపర్ గొట్టంలా చుట్టి చెవికి, ట్వీటర్‌కి మధ్య పెట్టి వినండి. పదే పదే ట్వీటర్లే పోతుంటే స్పీకర్‌ని తిట్టకండి, చిన్న యాంప్‌ని ఫుల్లుగా పెట్టి సౌండ్ పగిలేదాకా వాయించడం వల్ల పోతున్నాయి.

7. మూత తీస్తే

సిరీస్ బల్బు అంటే పాత ఫిలమెంట్ బల్బుని ఫేజ్ వైరులో యాంప్‌కి సిరీస్‌లో పెట్టడం. చిన్న సెట్‌కి 60 వాట్, పెద్దదానికి 100 వాట్. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. 230 వోల్టుల పని కాబట్టి బోర్డు మీద ఎలక్ట్రీషియన్ చేత కట్టించుకోండి. ఆన్ చెయ్యగానే ఒకసారి వెలిగి మసకైపోతే లోపల షార్ట్ లేనట్టు. అలాగే వెలుగుతూ ఉంటే షార్ట్, ఆపెయ్యండి.

ప్లగ్ పీకి, కెపాసిటర్ వోల్టేజ్ చూసి, ఈ వరసలో వెళ్ళండి:

1) ముందు కళ్ళు, ముక్కు. ఉబ్బిన కెపాసిటర్, నల్లబడిన రెసిస్టర్, చీమల గూడు, ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ళ మధ్య ఎండిపోయిన బల్లి, అన్నీ చూశా. బ్రష్‌తో దుమ్ము దులపండి.
2) ఫ్యూజ్. పోతే అదే రేటింగ్ పెట్టండి, దాని మీద టీ (మెల్లగా తెగే రకం) అని ఉంటే టీ రకమే. రాగి పోగు చుట్టడం మాత్రం వద్దు. కొత్తదీ వెంటనే ఎగిరితే మూడోది పెట్టకండి.
3) ట్రాన్స్‌ఫార్మర్. 12-0-12 అయితే మధ్య వైరు నుంచి ఒక్కోవైపు 12 ఏసీ, చివరలకి 24, లోడ్ లేకపోతే ఇంకొంచెం ఎక్కువ.
4) బ్రిడ్జ్ తర్వాత ప్లస్ 16, మైనస్ 16 దగ్గర డీసీ రావాలి. ఒకవైపే వస్తే డయోడ్ లేదా మధ్య వైరు సోల్డర్.
5) ఐసీ. పవర్ లేకుండా బీప్ మోడ్‌లో చూడాలి. టీడీఏ 2030కి 4వ కాలు అవుట్‌పుట్, 5 ప్లస్, 3 మైనస్. 4కీ 5కీ మధ్య గానీ 4కీ 3కీ మధ్య గానీ ఎటు పెట్టినా బీప్ వస్తే షార్ట్. ఐసీ పక్కన రెండు డయోడ్లుంటే అవి కూడా చూడండి, ఒక్కోసారి ఐసీ బాగుండి డయోడ్ షార్టయి ఉంటుంది.
6) 5200, 1943 ట్రాన్సిస్టర్ల బోర్డైతే కలెక్టర్ ఎమిటర్ మధ్య బీప్ వస్తే పోయినట్టే. జంటగా మార్చండి.

కొత్త ఐసీ వేసేటప్పుడు మైకా ముక్క (హీట్‌సింక్‌కి కరెంటు తగలకుండా మధ్యలో పెట్టే పల్చటి రేకు), థర్మల్ పేస్ట్ మర్చిపోవద్దు. 2030, 7294 ఐసీల వెనక రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది, 5200 రేకు కలెక్టర్‌కి. మైకా లేకుండా 5200నీ 1943నీ ఒకే హీట్‌సింక్‌కి బిగించినా, ఆ హీట్‌సింక్ బాడీకి తగిలినా ఆన్ చెయ్యగానే ఢామ్. బిగించాక రేకుకీ హీట్‌సింక్‌కీ మధ్య బీప్ రాకూడదు.

విడి భాగాలకి హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ ఉంది, మీ ఊళ్ళో రేడియో షాపు ఉన్నా సరే. 5200లో డూప్లికేట్లు విపరీతం, మరీ చవగ్గా ఇస్తుంటే ఆలోచించండి.

ఆ తర్వాత సిరీస్ బల్బు మీద స్పీకర్ లేకుండా ఆన్, 3వ స్టెప్‌లోలా డీసీ చెక్, తర్వాత ఆ పాత చిన్న స్పీకర్, పావుగంట వాయించి హీట్‌సింక్ ముట్టుకుని చూడండి, అప్పుడే అసలు బాక్సులు.

8. గరగర, వచ్చిపోయే సౌండ్

నాబ్ తిప్పినప్పుడే గరగరమంటే కంట్రోల్‌లో దుమ్ము. ఆఫ్ చేసి, కాళ్ళ దగ్గరి సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి, నాబ్‌ని ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పి ఆరనివ్వండి. తుప్పుకి వాడే మామూలు స్ప్రే కొడితే నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదలవుతుంది.

డబ్బా మీద తడితే సౌండ్ వచ్చిపోతుంటే డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అతక్క వదులైన సోల్డర్. ఇన్‌పుట్ సాకెట్ల కాళ్ళు, ఐసీ కాళ్ళు, రిలే కాళ్ళు, ముందు ఈ మూడు చోట్లా కొత్త సోల్డర్ పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి అరగంటకి కట్ అయితే వేడి, యాంప్ పైన సెట్‌టాప్ బాక్స్ పెట్టి ఉంటే ముందు అది తీసెయ్యండి. ఒక ఛానెల్‌కి రెండు 4 ఓమ్స్ బాక్సులు ప్యారలల్‌గా (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపితే 2 ఓమ్స్ లోడ్ పడుతుంది, ఇంటి యాంప్ వేడెక్కక ఏం చేస్తుంది.

9. షాపుకి ఇవ్వాల్సొస్తే

ఎస్‌ఎంపీఎస్, కంపెనీ రిసీవర్ బోర్డులు, కాయిల్ వేయించడం, ఇవి షాపుకే. "సౌండ్ రావట్లేదు" అని ఇచ్చి రాకండి. "లెఫ్ట్ ఛానెల్‌లో 15 వోల్ట్ డీసీ వస్తోంది, ట్రాన్స్‌ఫార్మర్ బాగుంది" అని మీ కాగితం చూపించి ఇవ్వండి, రేటు మాట్లాడే తీరే మారిపోతుంది. తీసేసిన పాత భాగాలు వెనక్కి అడగండి.

కాయిల్ వేయించిన స్పీకర్ ఇంటికి తెచ్చాక యాంప్‌కి పెట్టేముందు ఓమ్స్ ఒకసారి చూడండి. 8 ఓమ్స్ ఊఫర్ ఇస్తే 4 ఓమ్స్ కాయిల్ వేసి ఇచ్చారు నాకు ఒకచోట, అడిగితే "సౌండ్ ఇంకా ఎక్కువొస్తుంది సార్" అన్నాడు.